ఎవరి గెలుపు కోసం ప్రార్థించాలి అక్కా?

ప్రశ్న: ప్రైస్ ద లార్డ్ అక్కా. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా ఆయన నాలుగేళ్లుగా ఇజ్రాయెల్‌లో ఒక ముసలాయనను చూసుకునే కేర్‌గివర్ పని చేస్తున్నాడు. మా మరిది ఖతర్‌లో ఉన్నాడు. 2025 జూన్‌లో ఇరాన్ మిసైళ్లు పడ్డ పన్నెండు రోజులు నాకు నిద్ర లేదు. అవి ఆగినా నా భయం ఆగలేదు. ఇప్పటికీ అర్ధరాత్రి లేచి ఫోన్ చూస్తా. మా చర్చిలో ఇజ్రాయెల్‌కు జయం రావాలని, దాని శత్రువులు నాశనం కావాలని ప్రార్థన చేయిస్తారు. నేనూ ఆమెన్ అంటా. కానీ మా పక్కింటి ఖాలా గాజా పిల్లల వీడియోలు చూసి ఏడుస్తుంటే ఆ ఆమెన్ గొంతులోనే ఆగిపోతోంది. మా ఆయన క్షేమంగా ఉండాలంటే అవతలివాళ్లు చావాలని కోరుకోవాలా? ఎవరి కోసం ప్రార్థించాలి? ఇంతమంది ప్రార్థిస్తున్నా యుద్ధాలు ఎందుకు ఆగట్లేదు? నాకు సమాధానం దొరకట్లేదు. ఇలా అడగడం అవిశ్వాసమా?
(జగిత్యాల జిల్లా నుంచి ఒక సోదరి)

చెల్లీ,

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అలా అడగడం అవిశ్వాసం కాదు. "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" అని హబక్కూకు ప్రవక్త అడిగాడు. ఊళ్లో దౌర్జన్యం చూసి తట్టుకోలేక అడిగాడు. అడిగినందుకు దేవుడు ఆయన నోరు మూయించలేదు. ఆ మొర మన బైబిల్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. దేవుడు వినడని తేల్చేసుకున్న మనిషి అర్ధరాత్రి లేచి ఆయన్ను ప్రశ్నలు అడగదు. మీరు అడుగుతున్నారు.

మీ భయం నాకు తెలుసు. మా ఇంట్లోనూ అది కొన్ని నెలలు కాపురం చేసింది.

మేం కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా పెద్దన్న డ్రైవర్ పనికి కువైట్ పోయాడు. అప్పట్లో ఏ దేశం పోయినా మా దగ్గర "దుబాయ్ పోయిండు" అనే అనేవాళ్లు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఇప్పట్లా చేతిలో ఫోన్లు లేవు. అన్న ఉత్తరాలు ఆగిపోయాయి. బాపు డ్యూటీ దిగి రాగానే రేడియో పెట్టేవాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి, చేతిలో గరిటె అలాగే పట్టుకొని వినేది. వార్తల్లో కువైట్ పేరు రాకపోతే ఒక టెన్షన్, వస్తే ఇంకో టెన్షన్.

అమ్మకు ఒక అలవాటు ఉండేది. మన సంఘాల్లో పాతతరం ఆడవాళ్లకు చాలామందికి ఉండేది, మీ అత్తగారికీ తెలిసే ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలో బియ్యం పోసుకొని, కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన గురిగిలో వేసేది. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకొని గుడికి తీసుకుపోయేది. పిడికెడు బియ్యం కానుక. అన్న జాడ తెలియని ఆ రోజుల్లో పిడికిలి బిగించి, కళ్లు మూసుకొని, అన్న పేరు చెప్పి, అప్పుడు వదిలేది. నేను పక్కనే కూర్చొని చూసేదాన్ని. ఒక్కోసారి ఎంతసేపటికీ పిడికిలి విప్పేది కాదు. ఎసరు మరిగిపోయేది.

మొదట్లో అమ్మ ప్రార్థన కూడా మీ చర్చి ప్రార్థన లాంటిదే. ఇరాక్ వాళ్లను దేవుడు నాశనం చెయ్యాలి, వాళ్ల ఊళ్లమీద నిప్పు కురవాలి. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద ఒకావిడ ఏడుస్తూ కనిపించింది. హసన్‌పర్తి వైపు నుంచి వచ్చిందట. ఆమె కొడుకు బాగ్దాద్‌లో కట్టడం పనిలో ఉన్నాడు. అమెరికా వాళ్లు బాంబులు వేస్తారంటున్నారు, నా కొడుకు ఎట్ల అని ఆమె బాధ. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు వేసింది, ఆగింది, ఇంకో పిడికెడు వేసింది. ఎందుకని అడిగాను. "నా కొడుకు మీద పడొద్దన్న బాంబు ఆమె కొడుకు మీద పడాలని ఎట్ల అడుగుత బిడ్డా?" అంది.

నేను ఆ తర్వాత బైబిల్ క్లాసులు విన్నాను, పుస్తకాలు చదివాను. యుద్ధం గురించిన ప్రార్థన మీద అమ్మ అన్న ఆ మాట దాటి నేను పోలేదు.

మా అన్న అక్టోబరులో వచ్చాడు. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో రోజుల తరబడి ఎదురుచూసి, ఎయిరిండియా విమానంలో బొంబాయి దిగి, అక్కడి నుంచి రైల్లో కాజీపేట. ఆ రెండు నెలల్లో మన ప్రభుత్వం అలా సుమారు లక్షా డెబ్బై వేల మందిని తీసుకొచ్చింది. హసన్‌పర్తి ఆవిడ కొడుకూ వచ్చాడు, మరుసటి ఏడు. కానీ మా అన్న వచ్చాడు కాబట్టి ప్రార్థన పనిచేసిందని మీకు రుజువు చూపించను. 1991 జనవరిలో బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. అక్కడా తల్లులు ఉన్నారు, అక్కడా చర్చిలు ఉన్నాయి, వాళ్లూ మోకరించారు. వాళ్ల పిల్లలు చాలామంది రాలేదు. ఇది తెలిసి కూడా మనవాడు వచ్చాడని సాక్ష్యం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు.

మీ సంగతే చూడండి. మీ ఆయన ఇజ్రాయెల్‌లో. జూన్ 23న ఇరాన్ మిసైళ్లు ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద పడినప్పుడు మీ మరిది అక్కడ. అదే జూన్‌లో ఆపరేషన్ సింధు పేరుతో మన ప్రభుత్వం ఇరాన్ నుంచీ జనాన్ని తెచ్చింది, ఇజ్రాయెల్ నుంచీ తెచ్చింది. అంటే మన దేశపు తల్లులే కొందరు అటు, కొందరు ఇటు కొడుకుల్ని పెట్టుకొని ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. ఏ ఒక్క దేశం నాశనమైనా మనలో ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు ఉంటుంది.

మీ చర్చిలో చేయించే ప్రార్థనకు ఆధారం ఏ వాక్యమో నాకు తెలుసు. "యెరూషలేముయొక్క క్షేమముకొరకు ప్రార్థనచేయుడి." 122వ కీర్తన. మంచి వాక్యం, తప్పకుండా ప్రార్థించండి. కానీ ఆ మాటను నిదానంగా చదవండి. క్షేమం అడగమంది. పక్క ఊరి నాశనం అడగమనలేదు. ఆ యెరూషలేములో ఈ రోజు యూదులున్నారు, ముస్లింలున్నారు, తరతరాలుగా అక్కడే బతుకుతున్న అరబ్బు క్రైస్తవులున్నారు, అర్మేనియా వాళ్లకైతే పాత పట్టణంలో ఒక పేటే ఉంది. ఆ పట్టణానికి క్షేమం అంటే వీళ్లందరి పిల్లలూ బడికి పోయి సాయంత్రం ఇంటికి రావడం.

యేసు ప్రభువు ఆ పట్టణం కోసం చేసిన పని లూకా 19వ అధ్యాయంలో ఉంది. దాన్ని చూసి ఏడ్చాడు. "సమాధాన సంబంధమైన సంగతులను తెలిసికొనినయెడల నీకెంతో మేలు" అన్నాడు. ఆయనకు ఆ ఊరంటే ప్రేమ లేక కాదు ఆ కన్నీళ్లు. అదే లూకాలో పది అధ్యాయాల ముందు, తమను రానివ్వని సమరయుల పల్లె మీద ఆకాశం నుంచి అగ్ని దింపుదామా అని శిష్యులు అడుగుతారు. ఆయన వాళ్లవైపు తిరిగి గద్దించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద 'దేవుడు మనతో' అని చెక్కి ఉండేది. అవతలి కందకంలో ఉన్న ఇంగ్లిషు కుర్రాడి జేబులోనూ కొత్త నిబంధన ఉండేది. ఇద్దరూ ఒకే దేవుణ్ణి గెలిపించమని అడిగారు. మన చర్చిల్లో ఆ ప్రార్థన మళ్లీ వినిపిస్తుంటే నాకు బాధగా ఉంటుంది, దాచుకోను. అయినా మీ పాస్టర్ గారితో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. ఆయనా మీ ఆయన మీద ప్రేమతోనే చేయిస్తుండొచ్చు. ఒక రోజు ఆయన్ను విడిగా కలిసి, "అయ్యగారూ, మా ఆయన కోసం చేసేటప్పుడు గాజా పిల్లల కోసం కూడా ఒక మాట కలపండి" అని అడగండి. మీరు అడిగితే ఆయన కాదనలేరు. మనిషిని అక్కడ పెట్టుకున్నది మీరు కదా.

మన సంఘాల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. గాజాలో కూడా మన సహోదరులున్నారు. కొద్దిమందే, కానీ చాలా పాత సంఘం. 2023 అక్టోబరు 19న అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ గుడి ఆవరణలో తలదాచుకున్నవాళ్ల మీద భవనం కూలి పదిహేను మందికి పైగా చనిపోయారు. ఇంకో గుడి, హోలీ ఫ్యామిలీ అని, క్యాథలిక్కులది. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి పోప్ ఫ్రాన్సిస్ దాదాపు రోజూ సాయంత్రం ఆ గుడికి ఫోన్ చేసేవారు. పెద్ద ఉపదేశాలేమీ ఉండేవి కావు. ఎలా ఉన్నారు, ఈ రోజు ఏం తిన్నారు అని అడిగేవారు. 2025 ఏప్రిల్ 21న ఆయన చనిపోయారు. అంతకు ఒకట్రెండు రోజుల ముందు వరకూ ఆ ఫోన్ ఆగలేదు. మీరు రాత్రి మీ ఆయనకు ఫోన్ చేసి మొదట అడిగేదీ అదే కదా, తిన్నవా అని. నా మటుకు అదే ప్రార్థనకు మొదలు.

అటువైపు ఎంత దుఃఖం ఉందో ఇటువైపూ ఉంది, అదీ మరువొద్దు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు పన్నెండు వందల మంది చనిపోయారు. వాళ్లలో వ్యవసాయం నేర్చుకోవడానికి నేపాల్ నుంచి వెళ్లిన పదిమంది విద్యార్థులున్నారు, పొలం పనికి పోయిన థాయ్‌లాండ్ కూలీలున్నారు. మీ ఆయన లాంటివాళ్లే.

మీ ఊళ్లో స్త్రీల మైత్రి కూటం ఉంటే మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం జరుపుతారేమో అడగండి. ఏటా ఒక దేశపు ఆడవాళ్లు ఆ ప్రార్థన క్రమం రాసి పంపుతారు, దేశదేశాల ఆడవాళ్లు అదే చదువుతారు. 2024 క్రమం రాసింది పాలస్తీనా క్రైస్తవ స్త్రీలు. ప్రేమతో ఒకరినొకరు సహించండి అనే ఎఫెసీ పత్రిక మాట తీసుకున్నారు. ఆ ఏడు మార్చిలో దేశదేశాల ఆడవాళ్లు ఆ మాట చదివేనాటికి గాజాలో ఇళ్లమీద బాంబులు పడుతున్నాయి.

ఇక ఇంతమంది ప్రార్థిస్తున్నా ఎందుకు ఆగట్లేదు అన్నారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్లో సెయింట్ నికోలస్ గుడి ఉంది. 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం అక్కడ శాంతి కోసం ప్రార్థన. కొన్ని వారాలు పట్టుమని పదిమంది కూడా వచ్చేవాళ్లు కాదు. ఏడేళ్లు అలాగే నడిచింది. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థన ముగిసి బయటికొచ్చేసరికి వీధుల్లో సుమారు డెబ్బై వేల మంది. పోలీసులు, తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. జనం చేతుల్లో కొవ్వొత్తులు. కొవ్వొత్తి గాలికి ఆరిపోకుండా పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, రాయి పట్టడానికి చెయ్యి మిగలదు అని అక్కడి పాస్టర్ చెప్పేవాడు. ఆ రాత్రి ఒక్క తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ ఏడేళ్లలో మూడో ఏడు, నాలుగో ఏడు సోమవారం వచ్చి ఖాళీ బల్లల మధ్య కూర్చున్నవాళ్ల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. వాళ్లకూ మీ ప్రశ్నే వచ్చి ఉంటుంది.

ఇంగ్లండ్‌లో కోవెంట్రీ గుడి 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు కూలిపోయింది. మొండి గోడలు మిగిలాయి. అక్కడి గురువు బలిపీఠం వెనక గోడ మీద రెండు మాటలు చెక్కించాడు: తండ్రీ, క్షమించుము. సిలువ మీద ప్రభువు అన్నది "వీరిని క్షమించుము" అని. ఆయన ఆ "వీరిని" అన్న మాట వదిలేశాడు. ఎవరిని అన్నది రాయలేదు. బాంబు వేసినవాళ్లనా, మమ్మల్నా, అందరినా, చదివేవాళ్లకే వదిలేశాడు. మీ ఆమెన్ గొంతులో ఆగినప్పుడు ఆ రెండు మాటలు సరిపోతాయి. అదీ రాకపోతే ఏడవండి. మనకు ప్రార్థన చేయరానప్పుడు ఆత్మ "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" మన పక్షాన వేడుకుంటాడని రోమా పత్రికలో ఉంది.

ఇంక చెయ్యాల్సిన పనులు. మీ ఆయన చూసుకునే ఆ ముసలాయన పేరు మీకు తెలుసా? ఉత్తరంలో రాయలేదు. ఈ రాత్రి అడగండి. ఆయన పిల్లల పేర్లు, వీధి పేరు కూడా. చెరలో ఉన్న యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉంది కదా, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును" అని. వలసపోయిన ప్రతి ఇంటికీ రాసిన మాట అది. ముందు మీ ఆయన కోసం అడగండి, అందులో స్వార్థం ఏమీ లేదు. తర్వాత ఆ ముసలాయన కోసం. తర్వాత మీ మరిది, ఆయన రూములో ఉండేవాళ్లు. ఆ తర్వాత ఖాలా చూపించిన వీడియోలో పిల్ల. పేరు తెలియకపోతే "ఆ ఎర్ర గౌను పిల్ల" అనండి, దేవుడికి తెలుసు. దేశాల పేర్లతో ప్రార్థిస్తే మనసు గెలుపోటముల్లోకి పోతుంది. మనుషుల పేర్లతో చేస్తే అలా పోదు. ఒక్కో పేరుకు ఒక్కో పిడికెడు బియ్యం తీయండి. నెలాఖరుకు ఆ బియ్యం ఊళ్లో ఎవరికి అవసరమో వాళ్లకివ్వండి. మీ జిల్లాలో గల్ఫ్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు వెతకాల్సిన పని ఉండదు.

ఖాలా ఇంటికి పోయి కూర్చోండి. ఎవరిది తప్పు అనే మాట ఎత్తకండి, చాయ్ తాగండి, ఆమె ఏడిస్తే చెయ్యి పట్టుకోండి. మీ ఆయన సంగతి ఆమెకు చెప్పారా? చెప్పండి. ఆమె కూడా దువా చేస్తుంది, చివర్లో ఆమీన్ అంటుంది.

రాత్రి ఫోన్ సంగతి. వాళ్ల టైము మనకంటే ఎండాకాలంలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక. వాళ్లు పడుకునే వేళకు మనకు నడిరాత్రి దాటిపోతుంది. పడుకునే ముందు "క్షేమం" అని ఒక్క మాట పెట్టమనండి, మీరు దాన్ని పొద్దున చూడండి. సైరన్ మోగినప్పుడు షెల్టర్‌లో సిగ్నల్ ఉండకపోవచ్చు. జవాబు రాలేదంటే ఏదో అయిపోయిందని అనుకోకండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు మీ దగ్గర ఒక సెట్ ఉంచుకోండి. టెల్ అవీవ్‌లోని మన ఎంబసీలో పేరు నమోదు చేసుకున్నాడో లేదో కనుక్కోండి. టీవీలో చూపించిన మిసైలే పదిసార్లు చూపిస్తారు, గుండెకేమో పది మిసైళ్లు పడ్డట్టే ఉంటుంది. రోజుకు ఒక్కసారి వార్తలు చాలు. ఇవన్నీ చేసినా నిద్ర రాకపోతే, గుండె దడ తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ప్రార్థించే మనిషికి డాక్టరెందుకని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

సమాధానం దొరకట్లేదని రాశారు. మన తెలుగు బైబిల్‌లో శాంతి అనాల్సిన చోట ఎక్కువగా ఉన్నది ఆ మాటే. "దేవుని సమాధానము" మీ హృదయాలకూ తలంపులకూ "కావలియుండును" అని ఫిలిప్పీ పత్రికలో ఉంది. మీ దగ్గర మక్క చేన్లకు కావలి ఉంటారు కదా. మంచె మీద ఒకరు మేలుకొని ఉన్నారంటే ఇంట్లోవాళ్లు కాసేపు కన్ను మూస్తారు. అడవి పందులు రావని కాదు, చూసేవాళ్లున్నారని. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అనే వాక్యం మీ చర్చిలో చాలాసార్లు విని ఉంటారు. ఆయన మేలుకొని ఉన్నాడు కాబట్టి మీరు పడుకోవచ్చు.

ఆ ముసలాయన పేరు తెలిశాక నాకూ ఒక ముక్క రాయండి చెల్లీ. అమ్మ గురిగి ఇప్పుడు నా దగ్గరే ఉంది. మీ ఆయన కోసం ఒక పిడికెడు ఈ పూటే వేశాను.